ఒకే మనిషి దగ్గర రెండు మూడు జేబు చాకులు: ఏ పనికి ఏది?

మడతచాకు:
సభ్యులందరికీ నమస్కారం. నేను సరుకు నిల్వచేసే గిడ్డంగిలో పనిచేస్తాను. రోజంతా అట్టపెట్టెలు తెరవడం, ప్లాస్టిక్ పట్టీలు కోయడం, తాళ్లు తెంచడం నా పని. మధ్యాహ్నం భోజనం తరువాత ఒక పండు కోసుకుంటాను. సాయంత్రం లెక్కల గదిలో కూర్చున్నప్పుడు కవర్లు చింపడానికో, చొక్కాకు వేలాడే దారం తెంచడానికో మళ్లీ చాకు అవసరమవుతుంది. ఇన్నాళ్లుగా ఇవన్నీ ఒక్క మడత చాకుతోనే నెట్టుకొస్తున్నాను. అది 8.5 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న, తెరిచాక బ్లేడు మడుచుకోకుండా లాక్ పడే రకం. పనితనంలో దానికి వంక పెట్టలేను. కానీ పొద్దున్నుంచీ టేపు జిగురులో నానిన బ్లేడును ఎంత తుడిచినా దానితో పండు కోయడానికి మనసు ఒప్పడం లేదు. అందుకని రెండో చాకు, వీలైతే మూడోది కూడా వెంట ఉంచుకోవాలని ఆలోచిస్తున్నాను. ఇలా ఒకటికి మించి చాకులు పెట్టుకుని తిరిగేవారు ఇక్కడ చాలామందే ఉన్నారని తెలుసు. మీరు పనులను ఏ లెక్కన విభజించుకుంటారు? బ్లేడు పొడవును బట్టా, స్టీలును బట్టా, లేక మరేదైనా పద్ధతి ఉందా? కొనడానికి ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

సానరాయి:
మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. విభజించవలసింది పొడవును బట్టి కాదు, మురికిని బట్టి. మురికి పనికి ఒక చాకు, నోటిలోకి వెళ్లే వస్తువులకు మరో చాకు అనే గీత ఒక్కటి గట్టిగా గీసుకుంటే మిగతా నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

పెట్టెలు కోసిన బ్లేడును ఒకసారి మంచి వెలుతురులో, భూతద్దం కింద పెట్టి చూడండి. జిగురు సరిగ్గా వాదర, అంటే కోసే అంచు, మీద ఉండదు. వాదరకు కొంచెం వెనుక, సానపట్టిన ఏటవాలు ముగిసి బ్లేడు చదునుగా మారే చోట సన్నటి చారలాగా పేరుకుంటుంది. అట్ట కోసినప్పుడు రాలే కాగితపు పొడి ఆ చారకు అంటుకుని, పూట గడిచేసరికి అది బూడిద రంగుకు, ఆ తరువాత నలుపుకు తిరుగుతుంది. అప్పుడు బ్లేడు అట్టలో పట్టేసినట్లు ఆగిపోతుంటే చాలామంది పదును పోయిందనుకుని సానరాయి అందుకుంటారు. నిజానికి చాలాసార్లు పదును అలాగే ఉంటుంది, అడ్డుపడుతున్నది జిగురు మాత్రమే. పొడి గుడ్డతో తుడిస్తే అది పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో గాని, రెండు చుక్కల వంటనూనెతో గాని వెన్ను వైపు నుంచి వాదర వైపుకు తుడవాలి. అలా తుడిచాక కూడా కీలు లోపల చేరిన పొడి అక్కడే ఉంటుంది. మీ మనసు ఒప్పకపోవడానికి తగిన కారణమే ఉంది, దాన్ని చాదస్తం అనుకోకండి.

ఇంకొక సంగతి. అట్ట చూడటానికి మెత్తగా ఉన్నా బ్లేడును త్వరగా అరగదీస్తుంది. పాత కాగితాన్ని తిరిగి వాడి చేసిన అట్టలో సన్నటి ఇసుక, ఖనిజపు పొడి కలిసి ఉంటాయి. కాబట్టి పెట్టెల చాకు ఎలాగూ తరచూ సానకు వెళుతుంది. దానికి ఖరీదైన స్టీలు కంటే తేలికగా పదునెక్కే స్టీలు మేలు. తిండికి వాడే చాకుకు అంత అరుగుదల ఉండదు. అది పలచగా ఉండాలి, తుప్పు పట్టకుండా ఉండాలి, కీలు సులభంగా కడగడానికి వీలుగా ఉండాలి.

ఒక్కటేచాలు:
సానరాయి గారి మాటలో కొంత నిజం ఉన్నప్పటికీ నేను వేరే పక్షాన నిలబడతాను. చాకుల సంఖ్య పెరిగినకొద్దీ చేతికి ఉన్న జ్ఞాపకం పలచబడుతుంది. ఒక్క చాకునే ఏళ్ల తరబడి వాడిన మనిషికి దాని మొన ఎక్కడుంటుందో, ఎంత బలం పెడితే ఎంత లోతు దిగుతుందో, మూసేటప్పుడు వేలు ఎక్కడ ఉండాలో చూడకుండానే తెలుస్తుంది. ఇప్పుడు ఆ మనిషి జేబులో మూడు చాకులు పెట్టండి. ఒకటి వలయం తిప్పితే గాని మూతపడదు, ఇంకొకటి లోపలి రేకును బొటనవేలితో పక్కకు నెడితే మూతపడుతుంది, మూడోదానికి లాక్ అన్నదే లేదు. అలసిన సాయంత్రం పూట ఏది చేతిలో ఉందో మరిచిపోయి, లాక్ ఉందనుకుని లాక్ లేని చాకును గుచ్చే పనికి వాడితే బ్లేడు వేళ్ల మీదకే మడుచుకుంటుంది. నేను భయపడేది దీనికే.

రెండో అభ్యంతరం నిర్వహణ గురించి. మూడు చాకులున్నవారిలో మూడింటినీ ఒకే తీరుగా పదునుగా ఉంచుకునేవారు అరుదు. ఇష్టమైనది మెరుస్తుంటుంది, మిగతావి మొద్దుబారి ఉంటాయి. మొద్దు చాకుతో బలం పెట్టి కోయడం ఎంత ప్రమాదమో ఇక్కడ అందరికీ తెలిసిందే. ఒక మంచి చాకు, జేబులో ఒక చిన్న గుడ్డ, శుభ్రం చేసే అలవాటు ఉంటే రెండోది అక్కర్లేదని నా నమ్మకం.

ఉక్కుపలక:
ఇద్దరి వాదనలకూ మధ్య ఒక పాత దారి ఉంది. ఒకే పిడిలో వేర్వేరు పనులకు వేర్వేరు బ్లేడులు పెట్టడం. పశువుల కాపరుల కోసం స్థిరపడిన స్టాక్‌మన్ అనే మూడు బ్లేడుల చాకు ఇందుకు మంచి ఉదాహరణ. దానిలో మొన సన్నగా లేచిన క్లిప్ బ్లేడు సాధారణ పనులకు, మొన లేకుండా వాదర తిన్నగా ఉండే షీప్స్‌ఫుట్ బ్లేడు గీత గీసినట్లు కోయడానికి, కొన గుండ్రంగా ఉండే స్పే బ్లేడు పశువులకు వృషణాలు తీసేటప్పుడు పక్క చర్మానికి మొన గుచ్చుకోకుండా ఉండటానికి ఏర్పడ్డాయి. స్విట్జర్లాండులో చాకుల తయారీదారు కార్ల్ ఎల్సెనర్ 1897లో పేటెంటు పొందిన అధికారుల చాకు, అంటే స్విస్ ఆర్మీ చాకు, కూడా ఈ ఆలోచనకే మరో రూపం. అందులో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, కార్కుస్క్రూ వంటివన్నీ కేవలం రెండు స్ప్రింగుల మీద ఇరువైపులా కూర్చున్నాయి. ఇప్పటికీ చాలామంది అందులోని పెద్ద బ్లేడును ఆహారానికి, చిన్న బ్లేడును పెట్టెలకు కేటాయించుకుంటారు.

కానీ ఈ దారికి ఒక లోపం ఉంది. బ్లేడులు వేరైనా అవి మడుచుకునే గాడి పక్కపక్కనే ఉంటుంది. చిన్న బ్లేడు మోసుకొచ్చిన జిగురూ, అట్ట పొడీ అక్కడ రాలుతాయి. పండు రసం పెద్ద బ్లేడు మీదుగా అదే చోటికి దిగుతుంది. రెండూ కలిసిన ముద్ద స్ప్రింగు అడుగున గట్టిపడితే, చాకు తెరుచుకునేటప్పుడు ఇసుక నలిగిన చప్పుడు వస్తుంది. గోరువెచ్చటి సబ్బునీటిలో తెరిచి మూస్తూ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీలులో ఒక చుక్క ఖనిజ నూనె వేస్తే బాగవుతుంది. ఇది వారానికి ఒకసారి చేయగలిగినవారికి ఒకే పిడి సరిపోతుంది, చేయలేనివారికి రెండు పిడులు ఉండటమే మంచిది.

బరువు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రెండు మూడు అనగానే జేబు బరువెక్కుతుందని చాలామంది అనుకుంటారు. మూసినప్పుడు 58 మిల్లీమీటర్ల పొడవుండే, ఎల్సెనర్ సంస్థ విక్టోరినాక్స్ వారి చిన్న క్లాసిక్ సుమారు 21 గ్రాములు, అదే సంస్థ 84 మిల్లీమీటర్ల అల్యూమినియం పిడి క్యాడెట్ సుమారు 46 గ్రాములు, ఫ్రాన్సుకు చెందిన చెక్కపిడి చాకు ఒపినెల్ 8వ నంబరు సుమారు 45 గ్రాములు ఉంటాయి. మూడూ కలిపినా 115 గ్రాములు దాటవు. ఇత్తడి కొసలున్న బక్ 110 అనే ప్రసిద్ధ లాక్ చాకు ఒక్కటే దాదాపు 200 గ్రాములు తూగుతుంది. సంఖ్య ఎక్కువైతే బరువు ఎక్కువవుతుందన్న లెక్క ఎప్పుడూ నిజం కాదు.

అంటుకత్తి:
ఇక్కడ శుభ్రత గురించి మాట్లాడుతున్నారు కాబట్టి తోటపని చేసే నా మాట కూడా వినండి. నా వృత్తిలో రెండో చాకు సౌకర్యం కోసం పెట్టుకునేది కాదు, అది లేకపోతే పని చెడుతుంది.

అంటు కట్టే చాకుకు ఒక వైపు మాత్రమే సానపట్టి ఉంటుంది. రెండో వైపు పలకలాగా చదును. ఆ చదును వైపును పుల్లకు ఆనించి ఒకే లాగుడులో కోస్తే కోత ముఖం ఎత్తుపల్లాలు లేకుండా వస్తుంది. వేరుమొక్క మీద కోతా, అంటుపుల్ల మీద కోతా సందు లేకుండా అతుక్కుంటేనే బెరడు కింది పచ్చటి పొరలు ఒకదానికొకటి తగిలి అంటు పట్టుకుంటుంది. రెండు వైపులా సానపట్టిన మామూలు చాకు కోత మధ్యలో దారి తప్పి లోపలికో బయటికో వంగుతుంది, ముఖం గుల్లపడుతుంది. కుడిచేతి వాటం వారికి, ఎడమచేతి వాటం వారికి ఈ చాకులు వేర్వేరుగా చేస్తారంటే ఆ చదును వైపుకు ఎంత విలువ ఉందో ఊహించుకోవచ్చు. మొగ్గంటు కట్టే చాకుకైతే బ్లేడుతో పాటు బెరడును పైకి లేపడానికి ఒక మొద్దు కొన కూడా ఉంటుంది.

ఇటువంటి వాదరతో ఒక్కసారి పురికొస కోసినా, బస్తా మూతి విప్పినా ఆ రోజు అంటు పని చెడినట్లే. పైగా ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు తెగుళ్లను మోసే వాహకాల్లో చాకు ముఖ్యమైనది. చెట్టు మారిన ప్రతిసారీ బ్లేడును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. కొందరు బ్లీచింగ్ ద్రావణం వాడతారు. అది క్రిములను చంపుతుంది గాని స్టీలును కూడా తింటుంది. అందువల్ల నా దగ్గర అంటు చాకు ఒకటి తోలు సంచిలో విడిగా ఉంటుంది, తాళ్లకూ బస్తాలకూ వంకీ తిరిగిన బ్లేడు ఉన్న ముతక చాకు ఒకటి ఉంటుంది. ఎరువుల బస్తాలు, మందు డబ్బాల సీళ్లు కోసే ఆ ముతక చాకును తిండి దగ్గరకు రానిచ్చే ప్రశ్నే లేదు. కాబట్టి మూడోది, కేవలం తినడానికి, ఎప్పుడూ చొక్కా జేబులోనే. ఒక్కటేచాలు గారూ, గుడ్డతో తుడిస్తే చాలునన్న మాట పురుగుమందు అంటిన బ్లేడు విషయంలో చెల్లదని మీరూ ఒప్పుకుంటారనుకుంటాను.

తాడుముడి:
పడవల మీద పనిచేసేవారి సంగతి మరో రకం. అక్కడ మురికి కంటే వేగం, తుప్పు అనే రెండు అంశాలు చాకును నిర్ణయిస్తాయి. తడిసి బిగుసుకున్న తాడును ఉన్నపళంగా తెంచవలసి వస్తే నున్నటి వాదర కంటే రంపపు పళ్ల వాదర త్వరగా పట్టుకుని తెంచుతుంది. నున్నటి వాదర తాడు మీద జారుతుంటే, పళ్లు ఒక్కొక్క పోగునూ లాగి కోస్తాయి. కానీ అదే పళ్ల వాదరతో పండు కోస్తే ముక్క చితికిపోతుంది, అట్ట కోస్తే అంచు చీలికలవుతుంది. కాబట్టి తాడు కోసం ఒకటి, తక్కినవాటి కోసం ఒకటి అన్న విభజన మాకు సహజంగానే వచ్చింది.

మొన లేని షీప్స్‌ఫుట్ ఆకారాన్ని నావికులు ఇష్టపడటానికి కారణం కూడా ఉంది. ఊగే చోట నిలబడి పనిచేస్తుంటే కాలు జారినప్పుడు మొన ఉన్న చాకు తన ఒంట్లోనో పక్కవాడి ఒంట్లోనో దిగుతుంది. మొన లేకపోతే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఉప్పునీటి విషయానికొస్తే, కార్బన్ చాలా తక్కువగా ఉండే హెచ్1 వంటి స్టీళ్లు దాదాపుగా తుప్పుపట్టవు. వాటికి పళ్ల వాదర బాగా నప్పుతుంది. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో తెరవాలి కాబట్టి ఒంటిచేత్తో తెరుచుకునేదే కావాలి, పిడికి ఒక తాడు కట్టి నడుముకు బిగించాలి. మడతచాకు గారూ, మీరు కోసే ప్లాస్టిక్ పట్టీలకు కూడా మొన లేని బ్లేడు ఆలోచించండి. పట్టీ కిందకు దూర్చినప్పుడు మొన లోపలి సరుకును గీసేస్తుంది.

నియమావళి:
ఎవరూ ఎత్తని అంశం ఒకటి మిగిలింది. గిడ్డంగిలో, తోటలో, పడవ మీద పనికి తగిన చాకు, ఆ గేటు దాటి రోడ్డు మీదకు రాగానే చట్టం కంట్లో పడుతుంది. ఒకటికి మించి ఉన్నప్పుడు ప్రతి చాకూ విడివిడిగా ఆ నియమాలకు లోబడి ఉండాలి.

దేశానికో పద్ధతి. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం, మడిచే రకమై, వాదర 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే కారణం చూపకుండా జేబులో ఉంచుకోవచ్చు. కానీ తెరిచినప్పుడు లాక్ పడే చాకును అక్కడి న్యాయస్థానాలు మడత చాకుగా లెక్కించవు. అది ఎంత పొట్టిదైనా తగిన కారణం ఉండాలి. మడతచాకు గారి దగ్గర ఇప్పుడున్నది అక్కడి వీధుల్లో రెండు విధాలా నియమం దాటుతుంది. జర్మనీలో 2008 నుంచి ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకులను బహిరంగంగా వెంట తీసుకెళ్లడం మీద ఆంక్ష ఉంది. పనికోసమో క్రీడకోసమో అన్న న్యాయమైన అవసరం ఉంటేనే మినహాయింపు. జపాన్‌లో న్యాయమైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడును వెంట ఉంచుకోకూడదన్నది సాధారణ సూత్రం. అంతకంటే చిన్నదాన్ని కూడా అకారణంగా దాచి ఉంచుకుంటే చిన్న నేరాల చట్టం కిందకు రావచ్చు.

విమానం సంగతి సరేసరి. అమెరికాలో 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులను విమానం లోపలికి అనుమతించాలని 2013లో ఒక ప్రతిపాదన వచ్చింది, వ్యతిరేకత రావడంతో అదే ఏడాది వెనక్కు తీసుకున్నారు. ఐరోపా సమాఖ్య నియమాల్లో 6 సెంటీమీటర్లు దాటినవాటి మీద నిషేధం రాసి ఉన్నప్పటికీ, చిన్నవాటి విషయంలో ఆయా దేశాలు, విమాన సంస్థలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. అన్నిటినీ సామాను పెట్టెలో వేసి అప్పగించడమే మేలు. తాళాల గుత్తికి వేలాడే చిన్న చాకును మరిచిపోయి తనిఖీ దగ్గర వదులుకోవలసి రావడం రెండు మూడు చాకులు పెట్టుకునేవారికి తరచూ ఎదురయ్యే నష్టం.

మీలో ఎవరికైనా అధికారి ఎదురై కారణం అడిగితే పని చెప్పండి. ఇది పండుకు, ఇది పెట్టెలకు అని చెప్పగలగడం, ఆ చాకుల మీద ఆ పని ఆనవాళ్లు ఉండటం బలమైన జవాబు. ఆత్మరక్షణ కోసమని చెప్పడం మాత్రం చాలాచోట్ల పనిముట్టును ఆయుధంగా మార్చేస్తుంది. అటువంటి ఉద్దేశం ఉన్నవారికి ఈ చర్చలో చోటు లేదని కూడా నా అభిప్రాయం.

మడతచాకు:
ఇంత వివరంగా స్పందించినందుకు అందరికీ కృతజ్ఞతలు. నియమావళి గారు చెప్పాక ఒక సంగతి స్పష్టమయింది. లాక్ ఉన్న పెద్ద చాకును గిడ్డంగిలోని నా పెట్టెలోనే ఉంచి రావచ్చు, ఇంటికి మోసుకెళ్లవలసిన అవసరమే లేదు. పనికి పోయే దారిలో నా జేబులో ఉండవలసినవి తిండి చాకు, చిన్న చాకు మాత్రమే. ఇంకొక ప్రశ్న ఉంది. తోటి ఉద్యోగులు ఒకసారి చాకు ఇవ్వమని అడుగుతుంటారు. ఇచ్చిన చాకు డబ్బా మూత పెకలించడానికి, స్క్రూ తిప్పడానికి వాడి మొన వంచి తిరిగి ఇవ్వడం మామూలైపోయింది. ఇవ్వను అనడం మర్యాద కాదు. దీనికి మీరేం చేస్తారు?

సానరాయి:
మూడో చాకుకు అసలు సమర్థన మీరిప్పుడు అడిగిన ప్రశ్నే. చాలా ఏళ్లుగా చాకులు వాడేవారిలో ఎరువిచ్చే చాకును, అంటే అడిగినవారికి కాసేపు వాడుకోవడానికి ఇచ్చేదాన్ని, విడిగా ఉంచుకునేవారు ఎందరో ఉన్నారు. అది ఎలా ఉండాలంటే, అడిగినవారికి తెరవడం తెలియకపోయినా గాయం కానంత సరళంగా, స్క్రూడ్రైవరు కూడా కలిసి ఉండి, బ్లేడు కొనతో ఆ పని చేయాలన్న ఆలోచనే రాకుండా ఉండాలి. ఉక్కుపలక గారు చెప్పిన క్యాడెట్ వంటివాటిలో మూత తీసే సాధనం, చదును స్క్రూడ్రైవరు ఉంటాయి. దాన్ని తెరిచే ఇవ్వాలనుకుంటే ఏ పనికో ముందే అడగండి. మూత పెకలించడానికైతే బ్లేడు కాకుండా ఆ సాధనాన్నే తెరిచి చేతిలో పెట్టండి. బ్లేడే కావాలంటే, మూసి పిడి వైపు నుంచి ఇచ్చి, మూసిన తరువాతే తిరిగి తీసుకోండి. తెరిచిన చాకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే ఆ క్షణంలోనే చిన్న గాయాలు ఎక్కువగా అవుతాయి.

కార్యాలయంలో చుట్టూ ఉన్నవారిని కూడా గమనించాలి. పెద్ద బ్లేడు టక్కుమని తెరిస్తే కొందరు ఉలిక్కిపడతారు. వారి భయం న్యాయమైనదే. కవరు చింపడానికి 58 మిల్లీమీటర్ల చాకులోని చిన్న బ్లేడు, దారానికి అందులోని కత్తెర ఎవరినీ కలవరపెట్టవు. దారం తెంచడానికి కత్తెరకు మించినది ఎలాగూ లేదు, చాకుతో తెంచబోతే బట్టకు గాటు పడుతుంది.

ఒక్కటేచాలు:
అంటుకత్తి గారు పురుగుమందుల గురించి చెప్పినది కాదనలేను. విషపదార్థాలు అంటే చోట విడి చాకు తప్పనిసరి, తిండి చాకును వేరుచేయడం కూడా అంతే న్యాయం. నా అభ్యంతరం మిగిలినంత మేరకు ఇది: ప్రతి పనికీ ఒకటి అని మొదలుపెట్టినవారు ఆగే చోటు తెలియక జేబు నింపుకుంటారు. కొత్తది చేర్చే ముందు, ఉన్నవాటిలో ఏది చేయలేని పని ఇది చేస్తుంది అని అడిగి, జవాబు లేకపోతే ఇంట్లోనే వదలాలి. ఇంకొకటి, మీరు ఎన్ని పెట్టుకున్నా తెరిచే పద్ధతి ఒకేలా ఉండేవి ఎంచుకోండి. అన్నీ గోటి గాడితో రెండు చేతులా తెరిచే రకమైతే, అన్నీ లాక్ లేనివే అయితే, చేతికి ఒక్క అలవాటే సరిపోతుంది. లాక్ లేని చాకుతో గుచ్చే పని చేయకూడదన్న నియమం కూడా అప్పుడు అన్నిటికీ వర్తిస్తుంది.

ఉక్కుపలక:
తెరిచే పద్ధతి ఒకేలా ఉండాలన్న సలహా చాలా విలువైనది. దానికి పదును పెట్టే పద్ధతి కూడా ఒకేలా ఉండాలన్న మాట జోడిస్తాను. విక్టోరినాక్స్ స్టీలు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో దాదాపు 56 ఉంటుంది. మామూలు సానరాయి మీద ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో కాసేపు రుద్దితే మళ్లీ కాగితం కోసే స్థితికి వస్తుంది. లోహపు పొడిని ముద్దచేసి తయారుచేసే ఎస్30వి వంటి స్టీళ్లలో వెనేడియం అనే లోహం దాదాపు 4 శాతం ఉంటుంది. ఆ వెనేడియం, కార్బన్ కలిసి ఏర్పడే కార్బైడు కణాలు మామూలు సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడు కంటే గట్టివి. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ పోయాక వజ్రపు పొడి పూసిన పలక లేకుండా తిరిగి తెప్పించడం కష్టం. ఒక చాకు ఆ రకం, ఒకటి ఈ రకం అయితే రెండు సానలు, రెండు ఓపికలు కావాలి. అన్నీ మెత్తటి స్టెయిన్‌లెస్ అయితే వారాంతంలో వరుసగా కూర్చోబెట్టి ఒకేసారి ముగించవచ్చు.

తిండి చాకుగా ఒపినెల్ ఆలోచించేవారికి ఒక వివరం. జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన ఆ చాకుకు నేటికీ చెక్కపిడే ప్రధానం. 1955 నుంచి మెడ చుట్టూ తిరిగే స్టీలు వలయం లాక్‌గా పనిచేస్తోంది. బ్లేడు పలచన కాబట్టి పండులో చీల్చకుండా దిగుతుంది. ఆ గుణంలో దాన్ని మించే జేబు చాకులు తక్కువ. కానీ నీటిలో నానితే చెక్క ఉబ్బి కీలును బిగించేస్తుంది, బ్లేడు గోటితో తెరుచుకోవడం మానేస్తుంది. అందుకే దాన్ని కుళాయి కింద పెట్టకుండా తడిగుడ్డతో తుడిచి తెరిచి ఆరబెట్టాలి. కార్బన్ స్టీలు రకమైతే పులుపు తగిలిన చోట నీలి బూడిద రంగు మచ్చలు వస్తాయి. అది తుప్పు కాదు, హాని లేదు. ఎర్రగా పొడి రాలితే మాత్రం అది తుప్పే, వెంటనే రుద్ది నూనె రాయాలి. రోజూ తుడిచే ఓపిక లేనివారు స్టెయిన్‌లెస్ రకం తీసుకోవడం మంచిది. వలయం లాక్ ఉంది కాబట్టి నియమావళి గారు చెప్పిన నియమాలు దీనికీ వర్తిస్తాయి. వలయం లేని చిన్న నంబర్లూ ఉన్నాయి.

మడతచాకు:
అందరి సలహాలూ కలిపి ఇలా నిర్ణయించుకున్నాను. గిడ్డంగిలో ఉండిపోయేది మొన లేని బ్లేడు ఉన్న ఒక ముతక చాకు. పెట్టెలు, పట్టీలు, తాళ్లు అన్నీ దానికే. జేబులో ఒకటి, లాక్ లేని చిన్న స్టెయిన్‌లెస్ చాకు, ఆహారానికి మాత్రమే. తాళాల గుత్తికి కత్తెర ఉన్న చిన్నది, కవర్లకూ దారాలకూ. ఎరువిచ్చే చాకు కూడా గిడ్డంగిలోనే, స్క్రూడ్రైవరు ఉన్నది. ఇప్పుడున్న లాక్ చాకును ఇంట్లో ఉంచుతాను. చివరి సందేహం ఒక్కటే. తిండి చాకును జేబులో పెట్టుకుంటే జేబులోని నూలు పీచు, నాణేల మురికి కీలులోకి చేరవా?

తాడుముడి:
చేరతాయి. అందుకే ఆహారానికి వాడే చాకును ఉత్తిగా జేబులో వేయకూడదు. మెత్తటి తోలు సంచి గాని, బిగువుగా నేసిన గుడ్డ సంచి గాని వాడండి. గుడ్డ సంచి అయితే ఉతకవచ్చు, ఆహారపు చాకుకు నేను దాన్నే ఎంచుకుంటాను. తాళాలు, నాణేలు ఉన్న జేబులో కాకుండా రెండో జేబులో, జేబు వెనుక కుట్టుకు ఆనుకుని నిలువుగా ఉండేలా పెట్టండి. అడ్డంగా పడుకుంటే కూర్చున్నప్పుడు తొడకు ఒత్తుకుంటుంది. వాడే ముందు ఒకసారి తెరిచి వెలుతురుకు ఎదురుగా పట్టి కీలు వైపు చూడండి. పీచు కనిపిస్తే పుల్లతో తీసేయండి, లోహపు కొనతో గీకవద్దు. కీలుకు నూనె వేసేటప్పుడు యంత్రాల నూనె కాకుండా, తిండికి తగలినా హాని లేని ఖనిజ నూనె ఒక్క చుక్క వేసి, బయటికి వచ్చినదాన్ని తుడిచేస్తే సరిపోతుంది.